లేపాక్షికి వస్తున్నారు, కానీ రాత్రికి ఉండటం లేదు: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పర్యాటకం నిలబడాలంటే ఏం కావాలి?

ఆదివారం పొద్దున్నే బెంగళూరు నుంచి కారులో బయల్దేరిన ఓ కుటుంబాన్ని ఊహించుకోండి. పెట్రోలు బెంగళూరులోనే కొట్టించారు. టిఫిన్ చిక్కబళ్లాపురం దాటాక హైవే పక్కన చేశారు. పదకొండుకల్లా లేపాక్షి చేరారు. నంది దగ్గర ఫొటోలు దిగారు, వేలాడే స్తంభం కింద నుంచి తువ్వాలు లాగి చూశారు, వీరభద్రుడిని దర్శించుకున్నారు. రెండు గంటల్లో అంతా అయిపోయింది. భోజనానికి మళ్లీ హైవే ఎక్కారు. చీకటి పడేసరికి ఇంట్లో ఉన్నారు.

ఇప్పుడు లెక్క వేయండి. ఈ ప్రయాణంలో శ్రీ సత్యసాయి జిల్లాలో వాళ్లు పెట్టిన ఖర్చెంత? నాలుగు కొబ్బరి బోండాలు, పూజకు ఓ టెంకాయ, హుండీలో కొంత. లేపాక్షి ఆలయానికి ప్రవేశ టికెట్ కూడా లేదు.

'మా ప్రాంతానికి పర్యాటకులు రావడం లేదు' అని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వ్యాపారులు అంటుంటే, 'సెలవు రోజుల్లో లేపాక్షిలో కాలు పెట్టే చోటుండదు కదా' అని మీకు అనిపించవచ్చు. రెండూ నిజమే. జనం వస్తున్నారు, డబ్బు మాత్రం ఆగడం లేదు. ఎందుకిలా జరుగుతోంది? దీన్ని సరిచేయాల్సింది ఎవరు? మీ వంతుగా ఏం చేయొచ్చు? వివరంగా చూద్దాం.

అసలు పర్యాటకుడంటే ఎవరు?

ప్రపంచ పర్యాటక గణాంకాల్లో ఒక స్పష్టమైన విభజన ఉంది. ఒక ప్రాంతానికి వెళ్లి కనీసం ఒక్క రాత్రయినా బస చేస్తేనే 'పర్యాటకుడు'. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేస్తే 'ఒకరోజు సందర్శకుడు' మాత్రమే.

మాట చిన్నదే, తేడా మాత్రం పెద్దది. రాత్రి ఆగిన మనిషి గది అద్దె కడతాడు. రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ అక్కడే చేస్తాడు. ఆటో ఎక్కుతాడు. పొద్దున తీరిక ఉంటుంది కాబట్టి ఇంకో ఊరు చూస్తాడు, ఓ చీర కొంటాడు. గది శుభ్రం చేసే మనిషి నుంచి పాలు పోసే రైతు దాకా ఆ డబ్బు చేతులు మారుతుంది. ఒకరోజు సందర్శకుడి వల్ల ఊరికి మిగిలేవి ఎక్కువగా వాహనాల రద్దీ, ప్లాస్టిక్ చెత్త.

అందుకే ఒక ప్రాంతంలో పర్యాటకం బాగుందా లేదా అని తేల్చడానికి 'ఎంతమంది వచ్చారు' అన్న ప్రశ్న చాలదు. 'ఎన్ని రాత్రులు ఉన్నారు' అని కూడా అడగాలి.

పర్యాటకం ఎలా పడిపోతుంది?

ఒక్కోసారి దెబ్బ ఒక్కసారిగా తగులుతుంది. 2019లో మన దేశానికి సుమారు 1.09 కోట్ల మంది విదేశీ పర్యాటకులు వచ్చారు. కొవిడ్ వచ్చాక 2020లో ఆ సంఖ్య 27 లక్షలకు, 2021లో 15 లక్షలకు పడిపోయింది. 2023 నాటికి మళ్లీ 95 లక్షలకు చేరింది. పక్కనే ఉన్న శ్రీలంక పరిస్థితి ఇంకా ఘోరం. 2018లో 23 లక్షల మంది వెళ్లారు. 2019లో ఈస్టర్ రోజు బాంబు పేలుళ్లు, ఆ తర్వాత కొవిడ్‌తో 2021లో ఆ సంఖ్య 2 లక్షలకు కూడా చేరలేదు. 2022లో ఆర్థిక సంక్షోభం. అయినా 2024లో మళ్లీ 20 లక్షలు దాటింది. భారత్ సహా కొన్ని దేశాల వారికి వీసా ఫీజు తీసేయడం అందుకు తోడ్పడింది. అంటే హఠాత్తుగా తగిలిన దెబ్బ నుంచి కోలుకోవచ్చు. వచ్చే వాళ్లకు దారి సులువు చేస్తే చాలావరకు పని జరుగుతుంది.

రెండో రకం దెబ్బ నెమ్మదిగా తగులుతుంది. మన జిల్లాలోనే ఉదాహరణ ఉంది. పుట్టపర్తికి ఒకప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి భక్తులు వచ్చి వారాల తరబడి ఉండేవారు. 2011 ఏప్రిల్ 24న సత్యసాయిబాబా మరణించాక ఆ తాకిడి తగ్గింది. విదేశీ అతిథులనే నమ్ముకున్న లాడ్జీలు, దుకాణాలు దెబ్బతిన్నాయి. ఒకే కారణం మీద నిలబడిన పర్యాటకం ఆ కారణం తగ్గితే తనూ తగ్గిపోతుంది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలది మూడో రకం సమస్య. అక్కడ చూడాల్సినవన్నీ ఉన్నాయి. వాటిని ఒక ప్రయాణంగా కలిపే ఏర్పాటే లేదు.

మూడు ఊళ్లు, ఒకే కథ

హిందూపురానికి 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న లేపాక్షి వీరభద్రాలయం 16వ శతాబ్దం నాటిది. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించారని చరిత్ర. విరూపణ్ణ పెనుకొండ కోశాధికారి అని చెబుతారు. ఖజానా సొమ్ము గుడికి ఖర్చు చేశాడన్న ఆరోపణతో తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడనేది స్థానికంగా వినిపించే కథ. అసంపూర్తిగా మిగిలిన కల్యాణ మండపాన్ని చూపిస్తూ ఊరివాళ్లు ఇప్పటికీ ఈ కథ చెబుతారు. ఏకశిలా నంది, నాగలింగం అందరూ చూస్తారు. పైకప్పు మీది వర్ణచిత్రాలను తల ఎత్తి చూసేవాళ్లు తక్కువ. విజయనగర కాలపు చిత్రకళకు మిగిలిన గొప్ప ఆధారాల్లో అవి ఒకటి.

ఆ కోశాధికారి పనిచేసిన పెనుకొండ 44వ నంబరు జాతీయ రహదారి మీదే ఉంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరం నాశనమైంది. అప్పుడు అరవీటి వంశానికి చెందిన తిరుమల దేవరాయలు రాజధానిని పెనుకొండకే మార్చారు. ఆ తర్వాతే అది చంద్రగిరికి వెళ్లింది. కొండ మీద కోట, కింద గగన్ మహల్, పక్కపక్కనే ఉన్న రాముడి, శివుడి ఆలయాలు, పార్శ్వనాథ జినాలయం, షేర్ ఖాన్ మసీదు, బాబయ్య దర్గా, అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి. హంపీ 1986లోనే ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది. అక్కడికి వెళ్లేవాళ్లు రెండు రోజులు ఉండి మరీ చూస్తారు. అదే సామ్రాజ్యం కథలో తర్వాతి అధ్యాయం పెనుకొండ. హైవే మీద వెళ్లే కార్లకు మాత్రం అది కియా ఫ్యాక్టరీ ఉన్న ఊరు. 2019లో ఎర్రమంచిలో ఉత్పత్తి మొదలయ్యాక ఈ ప్రాంతంలో కొరియన్ల కోసం హోటళ్లు, భోజనశాలలు వెలిశాయి. అంటే గిరాకీ ఉంటే ఇక్కడ గదులు కట్టేవాళ్లకు కొదవ లేదు.

ఇక ధర్మవరం. వెడల్పాటి జరీ అంచు, రెండు రంగులు కలిసి మెరిసే నేత ఈ పట్టుచీరకు గుర్తు. భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. లేపాక్షి లతామండపం స్తంభాల మీది తీగలు, పువ్వులు, పక్షులు చీర అంచుల్లో కనిపిస్తాయి. ఇంకో బంధం కూడా ఉంది. రాష్ట్రంలోని పెద్ద పట్టుగూళ్ల మార్కెట్లలో ఒకటి హిందూపురంలోనే నడుస్తుంది. పక్కనే కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ ఉంది.

పట్టుగూడు హిందూపురంలో, డిజైన్ లేపాక్షిలో, చీర ధర్మవరంలో. రాజధాని పెనుకొండలో. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సుమారు గంట ప్రయాణం. బెంగళూరు నుంచి గుంతకల్లు వైపు వెళ్లే రైలు మార్గం మూడు ఊళ్లనూ కలుపుతుంది. ఇంత దగ్గరగా ఉన్నా, ఈ మూడింటినీ కలిపి చూపించే బస్సు మీకు కనిపించిందా?

ఎవరి బాధ్యత ఏంటి?

పనులు జరగకపోవడానికి ఒక కారణం, బాధ్యత చాలా చేతుల్లో పంచుకుపోయి ఉండటం.

గుడి కట్టడం, శిల్పాలు, వర్ణచిత్రాల సంరక్షణ: భారత పురావస్తు శాఖ. ఏపీ ఈ శాఖ అమరావతి సర్కిల్ కిందికి వస్తుంది.

హోటళ్లు, బస్సు టూర్లు, ప్రచారం: రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ. లేపాక్షిలో హరిత హోటల్ ఈ సంస్థదే.

రోడ్డు, మరుగుదొడ్డి, చెత్త, వీధి దీపాలు: స్థానిక సంస్థ. ఇక్కడ ఇంకో చిక్కుంది. లేపాక్షి గ్రామ పంచాయతీ, పెనుకొండ నగర పంచాయతీ, హిందూపురం, ధర్మవరం మున్సిపాలిటీలు. ఒక్కోదాని ఆదాయం, సిబ్బంది వేర్వేరు. లక్షల మంది చూసే నంది ఉన్న ఊరికి ఉన్నది పంచాయతీ బడ్జెట్.

బస్సులు ఆర్టీసీవి. రైళ్లు రైల్వేవి. మగ్గాల వ్యవహారం చేనేత, జౌళి శాఖది.

వీటన్నిటినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టాల్సిన అధికారి జిల్లా కలెక్టర్. శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకుముందు అనంతపురం నుంచి చూసిన వ్యవహారాలను ఇప్పుడు పుట్టపర్తి నుంచి చూస్తున్నారు. దూరం తగ్గింది. 2024 ఎన్నికల తర్వాత పెనుకొండ ఎమ్మెల్యే ఎస్.సవిత చేనేత, జౌళి శాఖ మంత్రి, ధర్మవరం ఎమ్మెల్యే సత్యకుమార్ యాదవ్ ఆరోగ్య శాఖ మంత్రి అయ్యారు. హిందూపురానికి నందమూరి బాలకృష్ణ 2014 నుంచి ఎమ్మెల్యే. ఈ ప్రాంతం గొంతు అమరావతిలో వినపడదని చెప్పే పరిస్థితి లేదు.

గుడి పక్కనే హోటల్ ఎందుకు కట్టరు?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. జవాబు చట్టంలో ఉంది. ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షణలోని కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. అక్కడ కొత్త నిర్మాణం కుదరదు. ఆ తర్వాతి 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ కట్టాలంటే అనుమతి తీసుకోవాలి. పాత ఇంటికి మరమ్మతు చేయాలన్నా అడగాల్సిందే.

పక్కనే ఇల్లున్న వాళ్లకు ఇది ఇబ్బందే. కానీ ఈ నిబంధన లేకపోతే గుడి ప్రహరీకి ఆనుకుని నాలుగంతస్తుల లాడ్జీలు లేచేవి. కాబట్టి పరిష్కారం ఆ 300 మీటర్లకు బయట వెతకాలి. వాహనాలు నిలిపే స్థలం, మరుగుదొడ్లు, సామాన్ల గది, తినుబండారాల దుకాణాలు అన్నీ అక్కడ ఒకేచోట పెట్టి, అక్కడి నుంచి గుడికి నడిచో బ్యాటరీ బండి మీదో వెళ్లేలా చేయొచ్చు. స్థలం చూపించాల్సింది రెవెన్యూ శాఖ.

యునెస్కో గుర్తింపు వస్తే సమస్య తీరుతుందా?

2022 మార్చిలో లేపాక్షి ఆలయం, ఏకశిలా నంది యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. చాలామంది దాన్నే తుది గుర్తింపు అనుకున్నారు. అది వరసలో నిలబడటం మాత్రమే. ఒక్కో దేశం ఏడాదికి ఒక్క ప్రతిపాదననే పంపగలదు. మన దేశం తాత్కాలిక జాబితాలో పదుల కొద్దీ స్థలాలున్నాయి. తెలంగాణలోని రామప్ప గుడి 2014లో తాత్కాలిక జాబితాలో చేరి, 2021లో తుది గుర్తింపు పొందింది. కర్ణాటకలోని హొయసల ఆలయాలు కూడా 2014లోనే చేరి, 2023 దాకా వేచి ఉన్నాయి. ఏపీకి ఇంతవరకూ ఒక్క ప్రపంచ వారసత్వ స్థలం కూడా లేదు.

గుర్తింపు కావాలంటే కట్టడం చుట్టూ రక్షిత పరిధి, దీర్ఘకాల నిర్వహణ ప్రణాళిక చూపించాలి. యునెస్కో తరఫు నిపుణులు వచ్చి చూస్తారు. అంటే మరుగుదొడ్లు, రద్దీ నియంత్రణ, చెత్త తొలగింపు లాంటి పనులు గుర్తింపు వచ్చాక మొదలుపెట్టేవి కావు. ముందే చేసి చూపించాల్సినవి. ఇంకో మాట. గుర్తింపు వచ్చి, బస మాత్రం పెరగకపోతే, ఆదివారం కార్ల సంఖ్య రెట్టింపవుతుంది, అంతే.

ఒక్క రాత్రి ఆపడం ఎలా?

బెంగళూరు విమానాశ్రయం నుంచి లేపాక్షికి వంద కిలోమీటర్ల లోపే. దగ్గర కావడం వరం, అదే శాపం కూడా. అంత దగ్గరి నుంచి వచ్చినవాళ్లు రాత్రికి ఆగాలంటే సాయంత్రం చూడటానికి ఒకటి, మర్నాడు పొద్దున చేయడానికి ఇంకొకటి ఉండాలి.

మొదటి రోజు పొద్దున లేపాక్షి, మధ్యాహ్నం హిందూపురంలో రాగి సంగటి, ఎండ తగ్గాక పెనుకొండ. రాత్రి అక్కడే బస. మర్నాడు ఉగ్గాని, బజ్జి తిని ధర్మవరంలో మగ్గం చూడటం. ఇది గొప్ప ఆలోచనేం కాదు. శని, ఆదివారాల్లో ఒక బస్సు, తెలుగు, కన్నడ, ఇంగ్లిష్ మూడూ వచ్చిన ఇద్దరు ముగ్గురు స్థానిక గైడ్‌లు, పెనుకొండ కోట దారిలో తాగునీళ్లు, పేర్లు రాసిన బోర్డులు ఉంటే మొదలుపెట్టొచ్చు. కోట్ల రూపాయల ప్రాజెక్టు కోసం ఎదురుచూడక్కర్లేదు.

అలా ఎదురుచూస్తే ఏమవుతుందో కూడా చూడాలి. కేంద్రం స్వదేశ్ దర్శన్ 2.0 పథకానికి ఏపీ నుంచి గండికోటను, అరకు-లంబసింగిని ఎంచుకుంది. లేపాక్షిలో 2016, 2018లో ఘనంగా ఉత్సవాలు జరిగాయి. జనం బాగా వచ్చారు. అయితే ఉత్సవం రెండు రోజుల్లో అయిపోతుంది. గది అద్దెకిచ్చే మనిషికి ఏడాది పొడవునా అతిథులు రావాలి.

బస విషయానికి వస్తే, పెద్ద హోటళ్లే అవసరం లేదు. కేంద్ర పర్యాటక శాఖ హోంస్టే పథకం కింద యజమాని కుటుంబం నివసించే ఇంట్లో ఒకటి నుంచి ఆరు గదుల వరకు అతిథులకు ఇచ్చి, నమోదు చేసుకోవచ్చు. హోంస్టేలకు ముద్ర రుణాలు ఇస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. రాష్ట్రం కూడా 2024-29 విధానంలో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. కాగితం మీద దారులు ఉన్నాయి. వాటిని పెనుకొండలోని రెండు గదుల ఇంటి యజమానికి తెలుగులో చెప్పి, దరఖాస్తు నింపించే మనిషి కావాలి.

చేనేత ఊరు పర్యాటకంతో ఎలా నిలబడుతుందో చూడటానికి దూరం వెళ్లనక్కర్లేదు. హైదరాబాద్ దగ్గరి భూదాన్ పోచంపల్లి 2021లో ఐరాస పర్యాటక సంస్థ 'ఉత్తమ పర్యాటక గ్రామాల్లో' ఒకటిగా ఎంపికైంది. అక్కడికి వెళ్లేవాళ్లు నేత చూసి, అక్కడే కొంటారు.

ధర్మవరంలో చీర కొంటున్నారా? ఈ మూడు గుర్తులు చూడండి

పర్యాటకం వల్ల నేతన్నకు మేలు జరగాలంటే, వచ్చినవాళ్లు కొనేది మగ్గం మీద నేసిన చీరే కావాలి. మరమగ్గం మీద తక్కువ ఖర్చుతో తయారైన చీర అదే పేరుతో అమ్ముడైతే, లాభం ఇంకెవరికో పోతుంది. అప్పుల భారం మోయలేక మగ్గం దించేసి బెంగళూరు దారి పట్టిన కుటుంబాలు ఎన్నో. చీరల కట్టడాల విషయంలో చేనేతకు రక్షణగా 1985లో రిజర్వేషన్ చట్టం కూడా తెచ్చారు. అమలు గట్టిగా ఉండాలంటే కొనేవాళ్లూ అడగాలి.

సిల్క్ మార్క్ ఉంటే అది అసలైన పట్టు అని అర్థం. చేత్తో నేశారని కాదు.

హ్యాండ్లూమ్ మార్క్ ఉంటే చేతి మగ్గం మీద నేశారని అర్థం. పట్టు అని కాదు.

భౌగోళిక గుర్తింపు ఉంటే ధర్మవరం ప్రాంతంలో తయారైందని అర్థం.

ఈ మూడింటికీ అర్థం వేరు. ఒకటి చూపించి 'అన్నీ ఉన్నట్టే' అంటే నమ్మకండి. బిల్లు అడగండి. వీలైతే నేసినవాళ్ల ఇంట్లోనే కొనండి.

మీరు ఏం చేయొచ్చు?

మీరు ఈ ప్రాంతం వాళ్లయితే: మరుగుదొడ్డి లేదనో, బస్సు లేదనో సోషల్ మీడియాలో రాసి ఊరుకోకండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి, లేదా 1100కు ఫోన్ చేయండి. ఏ శాఖ పని అయితే ఆ శాఖ పేరు అర్జీలో స్పష్టంగా రాయండి. లేకపోతే అది బల్లల మధ్య తిరుగుతూ ఉంటుంది. గుడి సంరక్షణకు ఎంత ఖర్చు చేశారో తెలుసుకోవాలంటే పురావస్తు శాఖకు 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు.

మీరు చూడటానికి వెళ్లేవాళ్లయితే: ఒక రాత్రి ఉండేలా ప్లాన్ చేసుకోండి. ప్రయాణంలో ఇబ్బంది వస్తే కేంద్ర పర్యాటక శాఖ హెల్ప్‌లైన్ 1363 రోజంతా పనిచేస్తుంది. హిందీ, ఇంగ్లిష్‌తో పాటు కొరియన్ సహా పది విదేశీ భాషల్లో సమాధానం ఇస్తారు. పెనుకొండలో ఉంటున్న కొరియన్ ఉద్యోగులకు పనికొచ్చే ఈ నంబరు తెలుగులో మాత్రం పలకదు. అర్జీలో అడగాల్సిన వాటిలో అదీ ఒకటి.

ప్రజాప్రతినిధులను అడిగేటప్పుడు 'లేపాక్షిని అభివృద్ధి చేయండి' అనకండి. ఆ మాటకు ప్రతి ఒక్కరూ సరే అంటారు. 'శని, ఆదివారాల్లో లేపాక్షి, పెనుకొండ, ధర్మవరం మీదుగా తిరిగే బస్సు ఏ తేదీ నుంచి వేస్తారు?' అని అడగండి. తేదీ చెబితే రాసి పెట్టుకోండి.